నూనె పట్టించని కుండ

"కూర వండడమంటే ప్రాణం పెట్టే మనిషికి క్రిస్మస్‌కి ఏమిస్తే బాగుంటుందంటారు, ఫిలిస్ గారూ?"

జగ్రూప్ మాస్టారు ఈ మాట అడిగింది చర్చిలో. పాటల సాధన అయిపోయింది. మిగతావాళ్ళంతా బయట ఎర్రటి సారెల్ పూల పానకం తాగుతూ ఒకరినొకరు ఏడిపించుకుంటున్నారు. లోపల ఫిలిస్ సీబాలక్ పాటల పుస్తకాలు సర్దుతోంది. ఆ మాట వినగానే ఆమె చేతులు ఆగిపోయాయి. యాభై దాటి, మొగుణ్ణి సమాధి చేసి, "ఈ వయసులో నాకేం కావాల్లే" అని ఊరందరికీ చెప్పుకునే ఆడదాని గుండె అలా కొట్టుకోకూడదు. కొట్టుకుంది. ఏం చేస్తాం.

"ఎవరికండీ?" అంది, ఏమీ ఎరగనట్టు.

"ఉన్నార్లెండి ఒకరు." మాస్టారు కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. ముప్పై ఏళ్ళు పిల్లల్ని హడలెత్తించిన హెడ్మాస్టరు ఇప్పుడు బడికి ఆలస్యంగా వచ్చిన కుర్రాడిలా నేల చూపులు చూస్తున్నారు. "షాపులన్నీ తిరిగానండీ. రంగు కాగితం చుట్టిన మసాలా బుట్టలు, ఏప్రాన్లు, వంట పుస్తకాలు, మిరపకాయ బొమ్మ వేసిన కప్పులు... ఏది చూసినా ఆటబొమ్మల్లాగే ఉన్నాయి."

"బుట్టల జోలికి పోకండి. ఆ మసాలా ఎప్పుడు వేయించారో వాళ్ళకే తెలీదు. వంట వచ్చినవాళ్ళకి వంట పుస్తకం ఇస్తే తిట్టినట్టు ఉంటుంది. ఏప్రాన్ ఇచ్చారంటే, ఇదిగో ఇది కట్టుకుని నాకు వండిపెట్టు అన్నట్టే."

"మరేమివ్వాలి?"

ఫిలిస్ ఒక్క క్షణం ఆలోచించింది. ఆలోచించిందని నేను మర్యాదకి అంటున్నాను. ఆ జవాబు ఆమె మనసులో ఏళ్ళుగా సిద్ధంగానే ఉంది.

"ఇనుప కుండ," అంది. "ఈ పల్చటి అల్యూమినియంవి కావు. పొట్ట గుండ్రంగా, అడుగు మందంగా, రెండు చేతుల్తో ఎత్తితే గాని లేవకూడదు. మూత కూడా బరువుగా ఉండాలి. సాన్ ఫెర్నాండోలో రేవు దగ్గర పాత ఇనప సామాను కొట్టొకటుంది. అక్కడ చూడండి. వేలి కణుపుతో కొడితే గంటలా మోగాలి. మొద్దుగా వినిపిస్తే లోపల బీట ఉన్నట్టే, తీసుకోవద్దు. మా అమ్మకి అలాంటిది ఉండేది. అది పగిలాక మళ్ళీ మా ఇంట్లో అలాంటి కూర లేదు."

"పొట్ట గుండ్రంగా, అడుగు మందంగా, గంటలా మోగాలి," అని మాస్టారు పాఠం అప్పజెప్పినట్టు అప్పజెప్పారు. "చాలా థాంక్సండీ. ఎవరినడగాలో తెలిసే అడిగాను."

ఆ చివరి మాటని ఫిలిస్ ఇంటికెళ్ళే దారంతా మళ్ళీ మళ్ళీ నమిలింది. ఆయన ఆమెనే అడిగారు. ఎవరికి కావాలో వాళ్ళనే అడిగి తెలుసుకుని, తెలియనట్టు తెచ్చి ఇవ్వబోతున్నారు. పెద్దమనిషి, సిగ్గరి. ఇంకెలా అడుగుతారు మరి?

ఆమె ఆశకి ఆధారం లేకపోలేదు. వానాకాలంలో మాస్టారికి హెర్నియా ఆపరేషన్ అయింది. భార్య పోయాక ఇంట్లో ఒక్కరే ఉంటారు. చర్చి ఆడవాళ్ళు వంతులు వేసుకుని భోజనం పంపారు. కొన్నాళ్ళకి వంతులూ అయిపోయాయి, జాలీ అయిపోయింది. ఫిలిస్ మాత్రం ఆపలేదు. మామిడికాయ వేసిన పీతల కూర, శనగలూ బంగాళాదుంపలూ కలిపిన కూర, పండు గుమ్మడి, ఆదివారమైతే కోడి. మసాలా దినుసులు తానే వేయించి తానే నూరుకునేది. పెరట్లో కొత్తిమీర వాసన వచ్చే బంధానియా ఆకు కోసి దంచి ముందురోజే మాంసానికి పట్టించేది. నోటితో చెప్పలేనిదంతా ఆ గిన్నెలో పెట్టి, మూత మీద గుడ్డ కట్టి పంపేది.

వండేది ఫిలిస్ అయితే పట్టుకెళ్ళేది ఆమె చెల్లెలు వెర్నా. కారు ఉన్నది వెర్నాకే. రోడ్డుకి అవతల ఇల్లు. మందుల షాపులో పని, గోళ్ళకి రంగు, ఎప్పుడూ ఘుమఘుమలాడే సెంటు. మొగుడు ఎప్పుడో ఇంకొకామెతో లేచిపోయాడు. వెర్నా వంట సంగతి వీధంతటికీ తెలుసు: అన్నం వండితే గంజి అవుతుంది, గంజి కాస్తే జిగురు అవుతుంది. అయినా అందరికీ ఇష్టమే ఆమంటే. నవ్వించడం తెలుసు, కూర్చుని కబుర్లు చెప్పడం తెలుసు.

గిన్నె ఎప్పుడూ ఖాళీగా తిరిగి రాలేదు. ఒకసారి కమలాపళ్ళు, ఒకసారి అరటి హస్తం, ఒకసారి ఇంత లావు బ్రెడ్‌ఫ్రూట్. "మాస్టారిచ్చారు" అని బల్ల మీద పెట్టేది వెర్నా. ఫిలిస్ ఆ పళ్ళని వెంటనే తినేది కాదు. రెండ్రోజులు బల్ల మీద పెట్టుకుని చూసుకునేది.

కడుపులో మాట దాచుకోవడం ఫిలిస్ వల్ల కాలేదు. క్రిస్మస్ ముందు మా ఊళ్ళో ఇల్లంతా తిరగేసి కడిగి, కొత్త కర్టెన్లు కడతారు కదా. ఆ రోజు ఫిలిస్ స్టూలు మీద నిలబడి కర్టెన్ కొక్కేలు తగిలిస్తోంది. కింద నిలబడి గుడ్డ అందిస్తోంది వెర్నా. ఉన్నట్టుండి ఫిలిస్ నవ్వింది.

"ఏంటక్కా, నీలో నువ్వే నవ్వుకుంటున్నావు?"

"చెబితే నువ్వూ నవ్వుతావు."

"నవ్వనులే, చెప్పు."

చెప్పింది. చర్చిలో మాస్టారు అడిగింది, తాను చెప్పింది, ఆయన నేల చూపులు చూసింది, అన్నీ పూస గుచ్చినట్టు చెప్పింది. చెబుతుంటే చెంపలు వేడెక్కాయి. "పిచ్చిదాన్నే నేను. ఏదో పెద్దాయన. ఒకవేళ ఆయన మనసులో ఏముందో... నాకు మాత్రం ఇష్టమేనే వెర్నా. నీ దగ్గర దాచడం దేనికి?"

వెర్నా చేతిలో గుడ్డని మడత పెట్టింది, మళ్ళీ విప్పింది.

"ఏంటే, మాట్లాడవు?"

"ఏం లేదక్కా. మంచిదేగా."

"క్రిస్మస్ రోజు మాస్టార్ని భోజనానికి పిలుస్తున్నా. ఏం వేసుకోమంటావు?"

"నీ నీలం డ్రెస్ వేసుకో," అంది వెర్నా. "అందులో బాగుంటావు." స్టూలు మీద ఉన్న అక్క మోకాళ్ళ చుట్టూ చేతులు వేసి, తల ఆనించి, కాసేపలాగే నిలబడింది. చిన్నప్పుడు కూడా అలాగే పట్టుకునేది. ఫిలిస్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ పది పదిహేను రోజులూ ఫిలిస్ పాడుతూ తిరిగింది. గిన్నెలు తోముతూ పాడింది. వరండా కమ్మీలకి రంగు వేస్తూ పాడింది. తమ్ముడు హోలిస్ దారిన పోతూ కారు ఆపి మరీ, "ఏంటి పెద్దక్కా, లాటరీ తగిలిందా? తగిల్తే నాకూ చెప్పు, నేనేం ఎక్కువ అడగను, సగం చాలు" అన్నాడు. "పోరా వెధవా" అంది గాని, అదీ పాటలాగే అంది.

క్రిస్మస్ రోజు ఆరాధన అయ్యాక అందరూ ఫిలిస్ ఇంటికే వచ్చారు. ముక్కలు కోసిన హామ్, మొక్కజొన్న పిండిలో మాంసం పెట్టి అరటాకులో చుట్టిన పాస్తెల్లు, రమ్ములో నానిన నల్ల కేకు, అన్నీ బల్ల మీద పరిచి ఉన్నాయి. హోలిస్, అతని భార్య, ముగ్గురు పిల్లలు, వెర్నా. ఫిలిస్ నీలం డ్రెస్‌లో ఉంది. మాస్టారి కారు గేటు ముందు ఆగడం వరండాలోంచి చూసింది. వెనక సీట్లోంచి ఆయన ఎర్ర కాగితం చుట్టిన బరువేదో ఎత్తబోయి ఎత్తలేకపోయారు. హోలిస్ పరుగెత్తుకెళ్ళి సాయం పట్టాడు. చెవుల్లాంటి పిడుల దగ్గర కాగితం చిరిగి, నల్లగా, గుండ్రంగా కనబడుతోంది.

దేవుడా, తెచ్చారు, అనుకుంది ఫిలిస్.

కాసేపు తిన్నారు, తాగారు. అప్పుడు మాస్టారు లేచి గొంతు సవరించుకున్నారు. బడిలో అలవాటు కదా, పిల్లలు కూడా టక్కున నోరు మూశారు.

"నాకు ఉపన్యాసాలు వద్దని డాక్టరు చెప్పాడు," అన్నారు. అందరూ నవ్వారు. "ఒక్క మాట. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి నా కడుపు చూసుకున్న మనిషి ఈ ఇంట్లో ఉంది. నేను మళ్ళీ లేచి తిరుగుతున్నానంటే ఆమె పెట్టిన కూరలే కారణం. అలాంటి చేతికి ఇంతకంటే చిన్నది ఇవ్వబుద్ధి కాలేదు."

ఫిలిస్ చేతులు డ్రెస్‌కి తుడుచుకుని ఒక అడుగు ముందుకు వేసింది.

మాస్టారు వెర్నా వైపు తిరిగారు. "నీకే, వెర్నా."

వేసిన అడుగు వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో అలా వేసినవాళ్ళకే తెలుస్తుంది. ఫిలిస్ ఆ అడుగుని బల్ల దాకా సాగదీసి, హామ్ పళ్ళెం చేతిలోకి తీసుకుంది, అందుకే లేచినట్టు. చెవుల్లో హోరు. ఆ హోరులోంచే హోలిస్ పగలబడి నవ్వడం వినిపించింది.

"చిన్నక్కకా? మాస్టారూ, ఇల్లు కరెక్టే గాని మనిషిని తప్పారు! చిన్నక్క కూర వండితే వీధిలో కుక్కలు కూడా పక్క ఊరికి బదిలీ పెట్టుకుంటాయి!"

"నోర్ముయ్యరా!" అంది వెర్నా. ముఖం ఎర్రబడింది. "ఇన్నాళ్ళూ మాస్టారికి వండిపెట్టింది ఎవరనుకుంటున్నావు?"

అక్క వైపు చూడకుండానే అంది. గోడ మీద గడియారాన్ని చూస్తూ అంది.

హోలిస్ నవ్వు ఆగిపోయింది. ఆ కూరలు వాడూ తిన్నాడు, ఆ పొయ్యి దగ్గరే కూర్చుని. పెద్దక్క ముఖం చూశాడు, చిన్నక్క ముఖం చూశాడు. వాడి భార్య వాడి కాలు తొక్కింది. ఫిలిస్ ఒక్క మాట అంటే చాలు, అక్కడే తేలిపోయేది. కానీ ఆ ఒక్క మాట అంటే ఏమవుతుంది? ఈ వయసులో, క్రిస్మస్ పూట, పిల్లల ముందు, మగవాడి కోసం చెల్లెలితో జుట్లు పట్టుకున్న ఆడది అవుతుంది. ఈలోగా మాస్టారు రెండో మాట కూడా అనేశారు. ఫిబ్రవరిలో పెళ్ళి. వెర్నా ఒప్పుకుందట. నవంబరులోనే ఒప్పుకుందట.

నవంబరు. కర్టెన్లు కట్టింది డిసెంబరులో.

"హామ్ ఎవరికైనా కావాలా?" అంది ఫిలిస్.

ఇబ్బంది కప్పిపుచ్చడానికి హోలిస్‌కి తెలిసింది ఒకటే పద్ధతి, ఇంకా గట్టిగా అరవడం. "అయితే ఇంకేం! రేపు బాక్సింగ్ డే విందు. ప్రతి ఏడూ పెద్దక్క చేతి బాతు కూరే కదా. ఈసారి చిన్నక్క వండుతుంది, వాళ్ళింట్లో, కొత్త కుండలో!" పిల్లలు చప్పట్లు కొట్టారు. మాస్టారు కూడా కొట్టారు. వెర్నా నవ్వింది గాని పెదవులు పాలిపోయాయి.

మర్నాడు పొద్దున్నే వెర్నా వెనక మెట్ల మీదుగా వచ్చింది. ముందు గేటు ఉండగా వెనక నుంచి. తలకి రోలర్లు కూడా తీయలేదు.

"అక్కా, నిన్నటి సంగతి తర్వాత మాట్లాడుకుందాం. అన్నీ చెప్తాను, ఒట్టు. ఇప్పుడు టైం లేదు. బాతు ఏం చెయ్యాలో నాకేం తెలీదే."

ఫిలిస్ ముందురోజు పొద్దున్నే, అంటే అన్నీ బాగున్నప్పుడే, బాతుని కోయించి, ఈకలు కాల్చి, ముక్కలు కొట్టి, బంధానియా, వెల్లుల్లి, మంటెత్తించే కాంగో మిరపకాయ నూరి పట్టించి పెట్టింది. ఆ బేసిన్ తెచ్చి చెల్లెలి ముందు పెట్టింది. మసాలా సీసా పక్కన పెట్టింది.

"నువ్వొచ్చి వండవే," అంది వెర్నా. "వెనక వంటింట్లోంచి రా. అందరూ వచ్చేలోపల అయిపోతుంది. ఎవరూ చూడరు."

అదీ ఆమె తెలివి. నిన్న మెడ కోసి, ఇవాళ అదే మెడ వంచి పొయ్యి ఊదమంటోంది.

"కుండ నీది," అంది ఫిలిస్. "నువ్వే వండు. మసాలా నీళ్ళలో కలిపి, కాగిన నూనెలో వెయ్యి. నూనె పైకి తేలాక బాతు వెయ్యి. నీళ్ళు పొయ్యకు, దాని నీళ్ళలోనే ఇగరనీ. అడుగంటబోతుందనగా అప్పుడు వేడినీళ్ళు పొయ్యి. అంతే."

"అంతేనా?"

"అంతే. కుండ కడిగావా?"

"సబ్బుతో రెండుసార్లు కడిగా. అద్దంలా ఉంది."

కొత్త ఇనుప కుండని అలా కడిగి పొయ్యి మీద పెట్టరు. ముందు ఇసుకతో తోమాలి, పచ్చి అరటి తొక్కలేసి ఉడికించాలి, నూనె రాసి నల్లగా పొగ వచ్చేదాకా కాల్చాలి, చల్లార్చి మళ్ళీ నూనె రాసి మళ్ళీ కాల్చాలి. నూనె పట్టించని కుండలో కూర వండితే ఇనుమంతా కూరలోకి దిగుతుంది. నల్లబడిపోయి నాలుక మీద తుప్పు తగులుతుంది. మా వీధిలో పదేళ్ళ పిల్లకి కూడా తెలిసిన సంగతే. వెర్నాకి తెలీదు, ఎందుకంటే వెర్నా ఎప్పుడూ తినడానికే వంటింట్లోకి వచ్చింది.

ఫిలిస్‌కి చెప్పాలని నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"మంచిది," అంది.

ఆమె మరిచిపోయిందనో, కంగారులో చెప్పలేదనో నేను అనను. కావాలనే చెప్పలేదు. చెల్లెలు బేసిన్ మోసుకుంటూ మెట్లు దిగుతుంటే చూసి, కడుపు చల్లబడినట్టు అనిపించింది. నా కూర పెట్టి ఆయన్ని పట్టావు, ఇవాళ నీ కూర పెట్టి నిలుపుకో చూద్దాం, అనుకుంది.

మధ్యాహ్నం అందరూ స్తంభాల మీద లేపి కట్టిన వెర్నా ఇంటి కింద, పొడుగు బల్ల చుట్టూ చేరారు. హోలిస్ భార్య దాల్‌పూరీలు చేసి తెచ్చింది. బొగ్గుల మీద కుండ ఉడుకుతోంది. వాసన మొదట బాగానే వచ్చింది, ఎంతైనా ఆ మసాలా ఫిలిస్‌ది. వెర్నా మూత తీసింది. పిల్లలు తొంగి చూశారు.

"నాన్నా, ఇది ఇంత నల్లగా ఉందేంటి?" అంది చిన్నది.

నిజంగానే తారులా ఉంది. బాతు ముక్కలు బొగ్గు గనిలోంచి తవ్వి తీసినట్టున్నాయి. హోలిస్ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, ముఖం అష్టవంకర్లు తిప్పి, "చిన్నక్కా, బాతుని వండావా, బాతు కూర్చున్న గేటుని వండావా?" అన్నాడు. అతని భార్య ఈసారి కాలు తొక్కలేదు, తనకీ నవ్వొచ్చింది. పిల్లలు "మేం తినం" అంటూ పళ్ళేలు తోసేశారు. వెర్నా గరిట పట్టుకుని నిలబడిపోయింది.

ఫిలిస్ ముద్ద నోట్లో పెట్టుకోలేదు. మాస్టారి ముఖం మీదే కళ్ళు పెట్టుకుని కూర్చుంది. ఇప్పుడు తెలుస్తుంది. నాలుగు నెలలు తన చేతి కూర తిన్న మనిషికి ఈ ఒక్క ముద్దతో అంతా తెలుస్తుంది. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు.

మాస్టారు దాల్‌పూరీ చింపారు. కూర అద్దుకున్నారు. నమిలారు. ఒక క్షణం ఆగారు. మళ్ళీ చింపారు, మళ్ళీ అద్దుకున్నారు. తొందర లేకుండా, ఎముకలు కూడా చీకి, పళ్ళెం మొత్తం తుడుచుకుని తిన్నారు. తర్వాత పళ్ళెం ఎత్తి పట్టుకున్నారు.

"ఇంకొంచెం వెయ్యి, వెర్నా."

వెర్నా ఏడ్చేసింది. ఏడుస్తూనే వడ్డించింది. ఆయన ఆమె మణికట్టు పట్టుకుని మెల్లగా తట్టారు.

తెలియక తినే ముఖం కాదది. ఫిలిస్ ఎంతోమందికి వడ్డించింది, తినేవాళ్ళ ముఖాలు ఆమెకి తెలుసు. అన్నీ తెలిసి తింటున్న ముఖం అది. ఆమె వేసిన పాచిక ఆమె ఒళ్ళోనే వచ్చి పడింది.

చేతులు కడుక్కోవడానికి ఆయన పెరటి కుళాయి దగ్గరకి వెళ్ళినప్పుడు ఫిలిస్ వెనకే వెళ్ళింది. అక్కడ ఇంకెవరూ లేరు.

"మాస్టారూ, మీకు తెలుసు కదా?"

ఆయన కుళాయి కట్టేశారు. బుకాయించలేదు, అది ఆయన గొప్పే. "తెలుసండీ. మొదట్లో వెర్నానే వండుతోందని నమ్మాను. అక్టోబరులో ఒకరోజు ఆవిడ మా ఇంట్లో టీ పెట్టింది. టీ తాగాక ఇంక నమ్మడం కుదర్లేదు."

"మరి నిన్న అందరి ముందూ..."

"నిజం చెబితే వెర్నా పరువు పోయేది. అబద్ధమాడిందనుకోండి, నాకోసమే కదా ఆడింది. అరవై దాటిన ముసలాణ్ణి, నాకోసం అబద్ధమాడే మనిషి ఇంకెవరు దొరుకుతారు?" ఆయన నవ్వారు. "రోజూ గిన్నె ఇచ్చి వెళ్ళిపోయేది కాదండీ ఆవిడ. కూర్చునేది. నేను తినేదాకా ఏదో ఒకటి చెబుతూనే ఉండేది."

వండిన మనిషికి పొయ్యి దగ్గర పని ఉంది కాబట్టి కూర్చోలేదు. ఆ మాట ఆయనకి తట్టలేదు. ఫిలిస్ కూడా అనలేదు.

"మరి నన్నెందుకడిగారు? ఏమివ్వాలని నన్నెందుకడిగారు?"

ఆయనకి ప్రశ్న అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు. "మీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుందండీ?" అన్నారు. "నేనడిగితే వెర్నా నిజం ఒప్పుకుంది, నేర్చుకుంటానంది. మీరు నేర్పిస్తానన్నారని కూడా చెప్పింది. మీకు మా సంగతంతా తెలుసనీ, సంతోషంగా వండి పంపిస్తున్నారనీ... తెలీదా?"

ఫిలిస్ చేతులు తుడుచుకుంది, అవి తడిగా లేకపోయినా. "తెలుసులెండి," అంది.

ఆ సాయంత్రం ఎండ వాలుతుండగా వెర్నా ఈసారి ముందు గేటు దగ్గరకే వచ్చింది. ఖాళీ బేసిన్ చంకలో ఉంది. ఫిలిస్ లోపలివైపు నిలబడింది. గేటు తీయలేదు.

"ఆయన చెప్పారు. నువ్వు అడిగావట."

"అడిగాను."

"కుండ సంగతి నీకు ముందే తెలుసట కదా. హోలిస్ భార్య చెప్పింది, కొత్త కుండ కాల్చాలని. తెలిసి కూడా నాకు చెప్పలేదు నువ్వు."

"చెప్పలేదు."

"నేనూ చెప్పలేదు, నువ్వూ చెప్పలేదు. లెక్క సరిపోయిందిగా అక్కా. అందరి ముందూ నా పరువు తీశావు. ఇంక కోపం వదిలెయ్."

"బాతు పాడైతే ఇంకో బాతు దొరుకుతుందే," అంది ఫిలిస్. "నేను అడిగేది వేరు. కర్టెన్లు కడుతున్నప్పుడు నీకు అన్నీ చెప్పాను. ఎవరికీ చెప్పనిది నీకు చెప్పాను. అప్పటికి నువ్వు ఒప్పేసుకున్నావు కదా?"

వెర్నా తలొంచుకుంది. "ఒప్పుకున్నాను."

"మరి నీలం డ్రెస్ వేసుకోమన్నావేమే?"

రోడ్డు మీద ఎవరో కారులో పండగ పాటలు పెట్టుకుని పోయారు.

"చెబుదామనే నోరు తెరిచానక్కా," అంది వెర్నా చివరికి. "ఒట్టు. కానీ నువ్వు నవ్వుతున్నావు. బావ పోయాక నువ్వలా నవ్వగా నేను చూడలేదు. కనీసం క్రిస్మస్ దాకా అయినా నవ్వనీ, అనుకున్నాను. ఆ నాలుగు రోజులైనా నీకు దక్కనీ అని."

చెంప మీద కొట్టినా ఇంత తగిలేది కాదు. ఫిలిస్ గేటు ఊచ పట్టుకుంది. పాడుతూ గిన్నెలు తోమినవన్నీ, కమ్మీలకి రంగు వేసినవన్నీ ఒక్కసారి గుర్తొచ్చి ఒళ్ళంతా సిగ్గుతో కాలింది. రోడ్డు అవతలి కిటికీలోంచి చెల్లెలు ఆ పాటలన్నీ వింటూనే ఉంది.

"నా కూర నీదని చెప్పుకున్నావు, పోనీ," అంది. "ఆయన్ని తీసుకున్నావు, ఆయనేం నా సొత్తు కాదు. కానీ కింద నిలబడి నా ముఖంలోకి చూస్తూ జాలిపడ్డావు చూడు, ఈ పిచ్చిది నాలుగు రోజులు నవ్వుకుంటే నవ్వుకోనీలే అని... దాన్ని నేను మర్చిపోలేనే. శత్రువులు కూడా అంత పని చెయ్యరు."

"అక్కా..."

"విను. ఆ కుండని ఇసుకతో తోము. పచ్చి అరటి తొక్కలేసి పొద్దుణ్ణుంచి మధ్యాహ్నం దాకా ఉడికించు. పారబోసి, ఆరబెట్టి, లోపలా బయటా కొబ్బరినూనె రాసి పొగ వచ్చేదాకా కాల్చు. చల్లారాక మళ్ళీ రాసి మళ్ళీ కాల్చు. నాలుగుసార్లు చెయ్యి. ఆ తర్వాత నల్లబడదు. మంచి కుండ అది. గంటలా మోగేదే తెచ్చారాయన."

వెర్నా కళ్ళు తుడుచుకుంది. ఆశగా ఒక అడుగు దగ్గరికి వేసింది. "ఫిబ్రవరిలో నువ్వు రావా అక్కా? పెళ్ళికి? నువ్వు లేకుండా వంట ఎవరు..."

ఆ మాట ఎక్కడ ఆగాలో తెలిసి ఆగింది గాని, అప్పటికే బయటికి వచ్చేసింది.

ఫిలిస్ ఊచల మధ్య నుంచి చెయ్యి చాపి తన బేసిన్ తాను తీసుకుంది.

"ఇన్నాళ్ళూ నేను రాకుండా నా కూర ఒక్కటే వచ్చింది మీ ఇద్దరి దగ్గరికి," అంది. "ఇక అదీ రాదు."

గేటుకి గొళ్ళెం పెట్టి, వెనక్కి చూడకుండా మెట్లెక్కి లోపలికి వెళ్ళింది. వెర్నా చీకటి పడేదాకా అక్కడే నిలబడి పిలిచింది. వీధిలో అందరూ విన్నారు.